సీసాలు వచ్చాయి, గొట్టాలేవి?

పది నిమిషాలన్నాడు డ్రైవరు తిరుపతిరావు. అది అరగంట కిందటి మాట. పామర్రులో బందరు రోడ్డు వదిలి చల్లపల్లి రోడ్డెక్కాక నాలుగు మైళ్ళయినా రాలేదు, ఎదర ఒక లారీ రోడ్డుకి అడ్డంగా ఒరిగిపోయింది, దాని వెనక పదిహేను లారీలు, ఆ వెనక మేము. మధ్యాహ్నం రెండున్నర. నేను ముందు సీట్లో కూర్చున్నాను, ఒళ్ళో గోనెసంచి, సంచిలో అరవై సెట్లు. సెట్టంటే పెద్ద యంత్రమేం కాదు, మూడు మూరల రబ్బరు గొట్టం, మధ్యలో చుక్కలు పడటం కనిపించే చిన్న గాజు బుడ్డి, చివర సూది. సెలైన్ సీసాలో నీళ్ళు మనిషి నరంలోకి ఎక్కాలంటే ఇదుండాలి. ఇది లేకపోతే ఆ సీసాలు వరసగా పేర్చుకుని చూసుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరావు. ఈ సంగతి నాకు తెలియదా? బెజవాడ మందుల స్టోర్లో ఇరవై రెండేళ్ళుగా స్టోర్‌కీపర్ని, మరియదాసంటే లెక్క తప్పని మనిషని పేరు. తెలుసు. తెలిసే నిన్న పొద్దున రెండువందల నలభై సీసాలు దివిసీమకి పంపాను, ఒక్క గొట్టం లేకుండా.

ఉప్పెన వచ్చి ఇవాళ్టికి పది రోజులు. రేవుదిబ్బ బళ్ళో పెట్టిన శిబిరం నుంచి నర్సు శౌరమ్మ రాసిన చీటీ నా చొక్కా జేబులో ఉంది. తీసి చూడక్కర్లేదు, పొద్దుట్నించీ అన్నిసార్లు చదివాను. శౌరమ్మని నేనింతవరకు కళ్ళతో చూడలేదు, ఆరేళ్ళుగా చేతిరాతే పరిచయం. మందులు కావాలని ఆవిడ పంపే కాగితం ఏనాడూ సరిగ్గా ఉండదు, ఒకసారి రెండో ప్రతి ఉండదు, ఒకసారి సీలుండదు, నేను తిప్పి పంపేవాణ్ణి. అలా తిప్పి పంపిన కాగితం వెనక ఒకసారి రాసింది, "స్టోర్‌కీపరు గారూ, సీలు అరగదీసి తాగిస్తే జ్వరం తగ్గుతుందేమో కాస్త చెప్పండి" అని. ఒళ్ళు మండిపోయి ఆ కాగితాన్ని కూడా ఫైల్లో పెట్టాను. ఇవాళ వచ్చిన చీటీలో అలాంటి ఎకసెక్కాలేం లేవు. పిల్లల హాజరుపట్టీలోంచి చింపిన కాగితం మీద పెన్సిలుతో రాసింది. మరియదాసు గారికి. సీసాలు వచ్చాయి. గొట్టాలేవి? మా సెట్లు రెండూ ఉప్పెనలో పోయాయి. వాంతులు, విరేచనాలు తగ్గడం లేదు. తాగగలిగిన వాళ్ళకి చెంచాలతో పడుతున్నాం. తాగలేని వాళ్ళు నలుగురున్నారు, అందులో మాణిక్యమ్మని పచ్చి బాలింత. చేతులు చల్లబడుతున్నాయి. ఇది మీకు తెలియాలని రాశాను. అంతే. కింద సీలు లేదు, రెండో ప్రతి లేదు, దేవుడా, నాకు చచ్చినంత సిగ్గేసింది.

ఆ చీటీ తెచ్చిన బస్సు కండక్టరు చెప్పాడు మాణిక్యమ్మ సంగతి. ఉప్పెనకి రెండు రోజుల ముందు కాన్పయిందట. నీళ్ళు ఇంటి కప్పు దాకా వచ్చేసరికి పసిగుడ్డుని చీరతో గుండెలకి కట్టుకుని తాటిచెట్టు కావలించుకుందట, తెల్లారి నీళ్ళు తీసేదాకా వదల్లేదట, మొగుణ్ణి మాత్రం నీళ్ళు పట్టుకుపోయాయి. అంత సముద్రం మీదికొచ్చి ఏమీ చెయ్యలేకపోయిన మనిషిని బెజవాడలో ఫ్యాను కింద కూర్చున్న మరియదాసు గొట్టం పంపక చంపాడంటే ఏం చెప్పుకోవాలి, ఎవరికి చెప్పుకోవాలి? పాపసంకీర్తనంలో ఫాదరు గారి ముందు మోకరించి, స్వామీ నేను ఒక ఆకుపచ్చ రిజిస్టరు తెరవడం మర్చిపోయాను అని చెప్పాలా? ఇది ఏ ఆజ్ఞ కిందికొస్తుందో ఆయనకి మాత్రం ఏం తెలుస్తుంది.

ఆకుపచ్చ రిజిస్టరే మరి. మా స్టోర్లో మందులకి ఎర్ర అట్ట, రబ్బరు సామానుకి ఆకుపచ్చ అట్ట. సెలైన్ మందు కాబట్టి ఎర్రట్టలో ఉంటుంది. సెట్టు రబ్బరు కాబట్టి వేడినీళ్ళ సంచులతో, చేతి తొడుగులతో కలిసి ఆకుపచ్చట్టలో ఉంటుంది. దేనికి కావాలంటే దానికి వేరే కాగితం రావాలి. ఎవరు పెట్టారో ఈ పద్ధతి, నేను చేరేటప్పటికే ఉంది, నేను దాన్ని నెత్తిన పెట్టుకున్నాను. మొన్న రాత్రి ఫోనొచ్చింది, సెలైన్ రెండువందల నలభై, వెంటనే అని. నిన్న పొద్దున ఎర్రట్ట తెరిచాను, ఒక్క గంటలో ఇరవై పెట్టెలూ కట్టించి లారీ ఎక్కించాను. ఒక్క గంటలో! మామూలు రోజుల్లో అదే పనికి రెండ్రోజులు తీసుకునేవాణ్ణి. ఎంత పొంగిపోయానంటే, పటమట ఇంటికెళ్ళి అమలమ్మతో చెప్పుకున్నాను, చూశావా మీ ఆయన అని. మా ఆవిడ చేపల పులుసు వడ్డిస్తూ, పోన్లెండి, ఎవరికో దాహం తీరుద్ది అంది. ఆ పులుసు రెండుసార్లు వేయించుకుని తిన్నాను. అక్కడ శౌరమ్మ పెట్టె తర్వాత పెట్టె విప్పుకుంటూ, వరిగడ్డిలో చెయ్యిపెట్టి వెతుక్కుంటూ ఉండుంటుంది, సరిగ్గా అదే వేళకి.

ఇంతేనాండీ అనడిగాడు హనుమయ్య. అదే నా చెవుల్లోంచి పోవడం లేదు. పెట్టెలు కట్టే ప్యాకరు వాడు, నాకన్నా మూడేళ్ళు ముందే స్టోర్లో చేరాడు, వరిగడ్డి చుట్టి సీసా పెట్టాడంటే గుంటల రోడ్డు మీద ఎద్దుబండిలో పంపినా పగిలేది కాదు. ఇరవయ్యో పెట్టె మూత పట్టుకుని, మేకులు పళ్ళ మధ్య పెట్టుకుని, సుత్తి పైకెత్తి ఆగాడు. ఇంతేనాండీ, అన్నాడు. నేను తలెత్తకుండానే ఇంతే, కొట్టెయ్, అన్నాను. వాడు సుత్తి దించలేదు, ఇంకోసారి, ఇంతేనాండీ అయ్యగారూ, అన్నాడు. చెవుడా నీకు, అని అరిచాను. టక టక టక మేకులు దిగాయి. వాడెందుకు రెండుసార్లడిగాడో నాకిప్పుడు తెలుస్తోంది, ఈ లారీలో, ఈ దరిద్రపు రోడ్డు మీద, ముప్ఫై మైళ్ళు ఇవతల.

ఇంకా చెప్పాలంటే, వాడి నోరు కట్టింది నేనే. మూడేళ్ళ కిందట తనిఖీలో సెట్లు పదకొండు తక్కువొచ్చాయి. ఎవడో ఎత్తుకుపోయాడని స్టోరంతా తిరగేశాను. తీరా చూస్తే హనుమయ్య. అమ్ముకోలేదు, ఇంటికి పట్టుకుపోలేదు, ఊళ్ళకి సెలైన్ పెట్టె వెళ్ళినప్పుడల్లా గడ్డిలో ఒక సెట్టు దూర్చేవాడట. ఎవడు చెయ్యమన్నాడురా అంటే, "కుండ ఇచ్చి చెంబివ్వకపోతే ఎట్టా తాగుతారండీ" అన్నాడు. ఆ మాటకి ఇవాళైతే వాడి కాళ్ళు పట్టుకుంటాను. ఆ రోజు మెమో ఇచ్చాను. సంజాయిషీ రాయించాను. వాడికి రాయడం సరిగ్గా రాదు, నేనే చెప్పి రాయించాను, కాగితం రాకుండా లెక్కలో ఉన్న వస్తువేదీ ఇకమీదట ముట్టుకోనని. సంతకం పెట్టేటప్పుడు వాడి చెయ్యి వణికింది. ఆ తర్వాత వాడు ఏదీ పెట్టలేదు, ఏదీ చెప్పలేదు, మూతకి మేకు కొట్టే ముందు ఆ ఒక్క మాటే అడిగేవాడు. ఇంతేనాండీ. ఇంతే. ఇంతేనాండీ. ఇంతే. మూడేళ్ళు. మంచి మనిషి బుద్ధికి నా చేత్తో మూత బిగించి, పైన సీలేసి, దానికి క్రమశిక్షణ అని పేరు పెట్టుకున్నాను.

ఎదర జనం కేకలేస్తున్నారు, హైలెస్సా అంటూ మోకులు లాగుతున్నారు, ఒరిగిన లారీ ఒక జానెడు లేచి మళ్ళీ కూలబడింది. అందులోంచి పాతబట్టల మూటలు దొర్లి రోడ్డంతా పరుచుకున్నాయి, పట్టుచీరలు, కోట్లు, చలిదేశంలో వేసుకునే ఉన్ని టోపీలు. ఎవరో పాపం మంచి మనసుతో పంపారు, ఏం పంపాలో తెలియక పంపారు. నవ్వొచ్చింది, వెంటనే నోరు మూసుకున్నాను, నవ్వడానికి నువ్వెవడివయ్యా, వాళ్ళు కోటు పంపి గుండీలు మర్చిపోలేదు కదా. రోడ్డుకి రెండు వైపులా కోతకొచ్చిన వరి చాప పరిచినట్టు పడుకునుంది, కుళ్ళిన కంకుల వాసన. పక్క పాక మీద తాటాకు లేదు, వాసాలే ఉన్నాయి. ఆ పాకలోంచి ఒక ముసలామె కుండతో మజ్జిగ పట్టుకుని లారీ లారీకీ తిరుగుతోంది, తన కప్పు ఎగిరిపోయిన సంగతే గుర్తు లేనట్టు. నా దగ్గరికొచ్చి గ్లాసందించింది. "తాగు నాయనా, మొహం పీక్కుపోయింది. ఆ మూటలో ఏంటి, అంతలా వాటేసుకున్నావు?" అంది. జబ్బు మనుషులకమ్మా, అన్నాను. సంచి మీద ఒకసారి చెయ్యి వేసి, ఆ చెయ్యి కళ్ళకద్దుకుని, పక్క లారీకి వెళ్ళిపోయింది. మజ్జిగలో అల్లం, కరివేపాకు కూడా వేసింది తల్లి. కప్పు లేని ఇంట్లో అల్లం ఎక్కడ దాచుకుందో.

ఎంతమంది చేతులమీదుగా వచ్చానివాళ? ఆ కండక్టరు చీటీ ఎవరికో ఇచ్చి పంపెయ్యొచ్చు, అలా చెయ్యలేదు, బస్సు దిగి, వన్‌టౌన్‌లో సందులన్నీ అడుక్కుంటూ నడిచొచ్చి నా చేతికిచ్చాడు, మంచినీళ్ళు తాగమంటే డ్యూటీకి టైమైందండీ అని పరిగెత్తాడు. తిరుపతిరావు బ్లీచింగ్ పౌడరు బస్తాలు ఎక్కించుకోవడానికి ఎనిమిది గంటలకే వచ్చినవాడు, గొట్టాల సంగతి విని, సగం బస్తాలు ఎక్కగానే చాల్లెండి మిగతావి రేపేస్తానని బండి తీశాడు. కంకిపాడులో టైరు పంక్చరైతే ఎవరో బడిపంతుళ్ళు దిగి జాకీ పట్టారు. ఉయ్యూరు దగ్గర పోలీసాయన మా లారీని ముందుకి వదిలాడు, సంచిలో ఏముందని కూడా అడగలేదు. వీళ్ళెవరికీ నేను చేసిన పని తెలియదు. నా మొహం చూసి, అబ్బ ఎంత బాధ్యత గల మనిషి, తనే మోసుకెళ్తున్నాడు అనుకునుంటారు. వాళ్ళు మంచిగా చూసినకొద్దీ నాకు లోపల కోసేస్తోంది, అయినా, అయినా ఎంత హాయిగా కూడా ఉంది, లోకంలో ఇంతమంది ఉన్నారని నాకు మొన్నటిదాకా తెలియదు, నా లోకంలో ఉన్నవి రెండట్టలు.

తెలియదంటే అబద్ధం. ఏడేళ్ళప్పుడు తెలుసు. మా ఊళ్ళో కలరా వచ్చింది, మా అమ్మ మంచం మీద కర్రలా బిగుసుకుపోయింది, మా నాన్న శవపెట్టె చెయ్యడానికి వడ్రంగితో మాట్లాడి కూడా వచ్చాడు. అప్పుడు బందరు కాలవలో పడవొచ్చింది. మిషను ఆస్పత్రి కాంపౌండరు సొలొమోను గారు పడవ మధ్యలో కూర్చుని, ఒళ్ళో పెట్టె పెట్టుకుని, రెండు చేతులతో దాన్ని పట్టుకుని ఉన్నారు, పడవ ఒడ్డుకి తగిలి ఊగితే ఆయన పడబోయారు గానీ పెట్టె వదల్లేదు. ఆ పెట్టెలో సీసా ఉంది, గొట్టం ఉంది, సూది ఉంది, సూది మరగబెట్టడానికి గిన్నె ఉంది, గిన్నె కింద వెలిగించడానికి స్పిరిట్ దీపం ఉంది, అగ్గిపెట్టె కూడా ఉంది. అన్నీ ఒక్క పెట్టెలోనే. మా అమ్మ ఇంకో ముప్ఫై ఏళ్ళు బతికింది. గుణదల కొండకి ప్రతి ఏడూ నడిచెక్కేది, మాతకి ఒక కొవ్వొత్తి, సొలొమోను గారికి ఒక కొవ్వొత్తి. నేనీ ఉద్యోగానికొచ్చిందే ఆయన్ని చూసి. వచ్చి ఏం చేశాను? ఆయన పెట్టెని విప్పి, సగం ఎర్రట్టలోనూ సగం ఆకుపచ్చట్టలోనూ రాసుకుని కూర్చున్నాను.

పొద్దున హనుమయ్య ఏదో చెప్పబోయాడు. చీటీ చదివి నేను కుర్చీలోంచి లేచేసరికి ఎదురుగా నిలబడి, "అయ్యగారూ, నేనొకటి..." అన్నాడు. మాట్లాడకు, ముందు నిచ్చెనేసి సెట్లు దించు, అన్నాను. దించుతూ నిచ్చెన మీద నుంచి, "అయ్యగారూ, నిన్న..." అన్నాడు. నిన్న నువ్వడిగావు, నేను వినలేదు, తెలుసులేరా బాబూ, అన్నాను. సంచి కుడుతూ మూడోసారి నోరు తెరిచాడు. అప్పుడు నా కళ్ళు వాడి అన్నం గిన్నె మీద పడ్డాయి. రోజూ నీలం గళ్ళ గుడ్డలో కట్టుకొస్తాడు, వాడి పెళ్ళాం అంచు కుట్టిన గుడ్డ, ఒక మూల ఆవకాయ మరక, ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు. ఇవాళ గుడ్డ లేదు, గిన్నె చుట్టూ పురికొస. మా స్టోరు పురికొస. మనిషికి పిచ్చెక్కితే ఎలా ఉంటుందో చూడండి, అవతల నలుగురు ప్రాణాల మీదున్నారు, నేను వాణ్ణి పట్టుకుని, స్టోరు పురికొస సొంతానికి వాడతావా, సిగ్గు లేదూ, అని అరిచాను. వాడు సంచి ఎత్తి నా ఒళ్ళో పెట్టి, లారీ తలుపు మెల్లిగా వేసి, జాగర్తండీ, అన్నాడు.

మూడుంబావయింది. మాతా, మరియమాతా, నేనేం మొక్కను, కొవ్వొత్తులూ కొబ్బరికాయలూ అంటే నీకు నవ్వొస్తుంది, నా సంగతి నీకు తెలుసు, ఒక్కటే అడుగుతాను, ఆ మాణిక్యమ్మని ఇంకో రెండు గంటలు చూసుకో, నేనొచ్చేదాకా చూసుకో, నీకూ చంటిబిడ్డతో ఊరు వదిలి పారిపోయిన అనుభవం ఉంది కదా, ఆ చేతులు చల్లబడనివ్వకు. జేబులో జపమాల ఉంది గానీ తియ్యాలంటే సంచి మీద నుంచి చెయ్యి తియ్యాలి.

"సార్, ఓ మాటంటే కోప్పడరు కదా?" అన్నాడు తిరుపతిరావు, స్టీరింగు మీద గడ్డం ఆనించి. అనవయ్యా, అన్నాను. "గొట్టాలు మీ ఒళ్ళోనే ఉన్నయ్యి. బండి కదలకపోతే మీరు కూడా కదలకూడదాండీ?" నేను వాడి మొహంలోకి చూశాను. పాసు మీద ఈ లారీ నంబరు రాసుంది తిరుపతిరావు, అన్నాను. అన్నాక ఆ మాట నాకే వినిపించింది. నిజంగా అదే, గంట నుంచీ నేను కూర్చున్నది ఆ నంబరు మీద. స్టోరు గేటు దాటిన సరుకు పాసులో రాసిన బండిలోనే దిగాలి, మధ్యలో బండి మారితే బెజవాడకి కబురు చెయ్యాలి, కొత్త పాసు రావాలి. ఇరవై రెండేళ్ళుగా ఎంతమందికి చెప్పానో ఈ ముక్క. అది నా ఎముకల్లోకి దిగిపోయి, కాళ్ళు ఉన్న సంగతి మర్చిపోయేలా చేసింది. తిరుపతిరావు నవ్వలేదు, మర్యాదస్తుడు. "అవతలి వైపు ఖాళీ లారీలు ఇటు రాలేక ఆగున్నయ్యండీ. ఒకణ్ణి ఎనక్కి తిప్పమని నేనడుగుతా, పదండి" అన్నాడు.

పాసు బయటికి తీశాను. పెన్ను తీశాను. లారీ నంబరు కొట్టేశాను. దాని పక్కన ఏం రాయాలో తెలియలేదు, ఏ బండి దొరుకుతుందో తెలియదు కదా, చివరికి 'దొరికినది' అని రాసి పొట్టి సంతకం పెట్టాను. నా ఉద్యోగంలో అంత తప్పుడు కాగితం నేనెప్పుడూ రాయలేదు, అంత కుదుటపడ్డ మనసుతో కూడా ఎప్పుడూ రాయలేదు. తిరుపతిరావు సంచి నెత్తినెత్తుకున్నాడు, నేను వెనక పరిగెత్తాను, యాభై రెండేళ్ళ బొజ్జతో, చెప్పు ఒకటి బురదలో వదిలేసి. పాతబట్టల మీద నుంచే నడిచాం, ఒక పెళ్ళికోటు మీద కాలేశాను, ఎవరిదో గానీ క్షమించు నాయనా. జాగా ఇవ్వండి, శిబిరానికి మందులు, అని తిరుపతిరావు కేకేస్తుంటే మోకులు లాగేవాళ్ళు ఆగి దారిచ్చారు, ఒకతను నా జబ్బ పట్టుకుని లారీ పక్కన రోడ్డు కోసుకుపోయిన గండి దాటించాడు, ఇంకొకతను నా చెప్పు పట్టుకొచ్చి చేతికిచ్చాడు. అవతలున్న మొదటి లారీ డ్రైవరు రెండ్రోజులుగా ఇంటి మొహం చూడలేదట, భార్య కంకిపాడులో ఎదురుచూస్తోందట. సంగతి విని, ఒక్కసారి గట్టిగా నిట్టూర్చి, ఎక్కండి సార్, అని బండి వెనక్కి తిప్పాడు. అతని పేరడగడం కూడా మర్చిపోయాను. తిరుపతిరావు రోడ్డు మీద నిలబడి చెయ్యి ఊపాడు, నేను ఊపలేకపోయాను, సంచి.

చల్లపల్లి దాటింది, మోపిదేవి దాటింది, కృష్ణ పాయ దాటింది, నేను రోడ్డు చూడలేదు, గాజుబుడ్లు ఒకదానికొకటి తగలకుండా సంచి కింద మోకాళ్ళు మాత్రం పైకెత్తి పెట్టుకున్నాను. చెట్లకి తలల్లేవు. పొలాల్లో పడవలున్నాయి. అయిదు కావస్తుండగా రేవుదిబ్బ బడి కనిపించింది, పడమటెండ గోడ మీద పడుతోంది, వరండా నిండా మనుషులు, ప్రతి మనిషి పక్కనా ఒక ఆడమనిషి చెంచా పట్టుకుని కూర్చుని ఉంది. దిగాను. ఎవరైనా ఏడుస్తున్నారేమోనని చెవులు రిక్కించాను. ఎవరూ ఏడవడం లేదు. అయిపోయి, ఏడ్చి, ఊరుకున్నారేమో అనిపించింది. లోపల్నుంచి ఒక పొట్టి మనిషి, తెల్లచీర మోకాళ్ళ దాకా బురద, గబగబా వచ్చింది.

"మరియదాసు గారా?" అంది. చేతిరాత ఎలా ఉంటుందో గొంతు అలాగే ఉంది. అవునమ్మా, మాణిక్యమ్మ? అన్నాను.  ఆవిడ నా చేతిలో సంచి తీసుకుని, ఎవరికో ఇచ్చి, గంగాళంలో వేసి మరిగించమని చెప్పి, నన్ను కిటికీ దగ్గరికి లాక్కెళ్ళింది. కిటికీ ఊచకి సీసా వేలాడుతోంది. సీసాలోంచి గొట్టం దిగుతోంది. గాజుబుడ్డిలో చుక్క పడింది, ఆగి, ఇంకో చుక్క పడింది. గొట్టం చివర సన్నటి నల్లటి చెయ్యి, ఆ చేతికింద పసిగుడ్డు నిద్రపోతోంది. మాణిక్యమ్మ కళ్ళు తెరిచి నన్ను చూసి, కొత్తమనిషినని కాబోలు, కొంగు సర్దుకోబోయింది. కొంగు సర్దుకోవడానికి చెయ్యి లేచింది! 

"నలుగురూ దక్కారు. ఒక్కటి మాత్రం పంపారేంటీ మహానుభావుడు అని తిట్టుకున్నానండీ, అబద్ధమెందుకు" అంది శౌరమ్మ. "చీటీ రాసి పంపించాక, పెట్టెలన్నీ విప్పా. ఇరవయ్యో దాంట్లో, అడుగున, గడ్డి కింద దొరికింది. మరగబెట్టడం, ఒకళ్ళకెక్కించడం, మళ్ళీ మరగబెట్టడం. నిన్నట్నించీ నలుగుర్ని ఇదొక్కటే మోసింది. మీ పేరు చెప్పి దణ్ణం పెట్టుకున్నాం అన్నయ్యా."

గొట్టం దగ్గరికి వంగి చూశాను. మొదట్లో చిటికెన వేలంత ఎర్ర రంగు పట్టీ. అది నేనే వేశాను. గాజుబుడ్డి అంచు విరిగిందని, పనికిరాదని రాసి, ఎర్ర రంగేసి, అవతల పారెయ్యమని హనుమయ్యకిచ్చిన సెట్టు. ఏ రిజిస్టర్లోనూ లేని సెట్టు. వాడు పారెయ్యలేదు. అంచు అరగదీసి, కడిగి, ఎక్కడో దాచాడు. లెక్కలో ఉన్నది ముట్టుకోనని సంతకం పెట్టాడు కదా, ముట్టుకోలేదు. పక్కన కిటికీ ఊచకి, ఉతికి ఆరేసి, నీలం గళ్ళ గుడ్డ ఉంది. దాన్లో చుట్టొచ్చిందండీ, గాజు పగలకుండా, అంది శౌరమ్మ. ఒక మూల ఆవకాయ మరక.

నాకు ఏడుపొచ్చింది. వరండాలో, అంతమంది ఎదురుగా, చెంచాలు పట్టుకున్న ఆడవాళ్ళందరూ చూస్తుండగా, ఇంత మనిషిని, ఏడ్చాను. నేను కాదమ్మా, అన్నాను. నాకు దణ్ణం పెట్టకండి, నేను పంపలేదు, మా హనుమయ్య. పెట్టొద్దని మెమో ఇచ్చాను, అయినా పెట్టాడు. పొద్దున చెప్పబోతే నోరుమూయించాను, గుడ్డేదిరా అని అడక్కుండా పురికొస ఎందుకు కట్టావని అరిచాను. అన్నీ చెప్పేశాను, ఫాదరు గారి దగ్గర కూడా అంత సాంతం ఎప్పుడూ చెప్పలేదు. శౌరమ్మ విని, తన కొంగుతోనే నా మొహం తుడిచింది. "బావుంది. మీ ఇద్దరూ ఒకే చోట ఎట్టా పనిచేస్తన్నారో గానీ" అంది. ఆ తర్వాత, అలవాటు చావదు కదా, రసీదు పుస్తకం బయటికి తీశాను. ఆవిడ నవ్వింది, ఆరేళ్ళ తగువూ ఆ నవ్వులో పోయింది. పెన్సిలు పట్టుకుని, "ఎన్నని రాయమంటారు, అరవయ్యా, అరవై ఒకటా?" అంది. అరవై ఒకటి, అన్నాను, పంపినవారి పేరు దగ్గర హనుమయ్య అని రాయండి. సీలు లేదండీ మా దగ్గర, అంది. అక్కర్లేదు తల్లీ.

గుడ్డ మడిచిచ్చింది. జేబులో పెట్టుకోబుద్ధి కాలేదు, చేతిలోనే పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాను. లోపల గంగాళంలో అరవై సెట్లు మరుగుతున్న చప్పుడు, పసిగుడ్డు లేచి ఏడుపందుకుంది, ఏడవనీ, గట్టిగా ఏడవనీ. రేపు పొద్దున స్టోరుకెళ్ళి రెండట్టలూ కలిపి కుట్టిస్తాను, సీసా వెళ్ళిన ప్రతి చోటికీ గొట్టం, సూది, గిన్నె, అగ్గిపెట్టె, అన్నీ ఒక్క పెట్టెలోనే. పైవాళ్ళు అడిగితే అడగనీ, మెమో ఇస్తే సంతకం పెడతాను, నా చెయ్యి వణకదు. పురికొస నీ ఇష్టం హనుమయ్యా, బండెడు తీసుకో. రేపు నువ్వు మూతెత్తి, మేకులు పళ్ళ మధ్య పెట్టుకుని, సుత్తి పైకెత్తినప్పుడు నువ్వేం అడగొద్దు. నేనే కుర్చీలోంచి లేచి నీ దగ్గరికొస్తాను. వచ్చి నేనడుగుతాను, ఇంతేనా హనుమయ్యా, ఇంకేమన్నా పెట్టాలా?